పాత పుస్తకములలో మన పెద్దల అడుగుజాడలు

తెలుగు దేశమందలి బాప్తిస్టు సంఘములలో ఒక మాట తరచుగా వినబడుచుండును. 1878 జూలై 3వ తేదీన జాన్ క్లౌ దొరగారు ఒంగోలుకు సమీపమున వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినముననే 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి అన్నదే ఆ మాట. ఉజ్జీవ కూటములలో ప్రసంగీకులు దానిని చెప్పుదురు. సండే స్కూలు పిల్లలు కంఠస్థము చేయుదురు. అంకె సరియైనదే. తేదీ సరియైనదే. ఏరును సరియైనదే. అయితే ఆ మాటలో ఒక్కటి సరికాదు. ఆ దినమున దొరగారు తమ చేతులతో ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. నీటిలో నిలిచినవారు తెలుగు బోధకులు. అభిషేకము పొందిన ఆరుగురు బోధకులు వంతులు వేసికొని, ఇద్దరిద్దరుగా నీటిలో దిగుచు, అలసినవారు గట్టెక్కగా వేరొక ఇద్దరు వారి స్థానమున నిలుచుచు, సుమారు తొమ్మిది గంటలు ఆ పని జరిగించిరి. దొరగారు ఒడ్డున నిలిచి యుండిరి.

ఈ సంగతి ఎవరో విరోధి కల్పించినది కాదు. నేటి పండితుడెవడో క్రొత్తగా కనిపెట్టినదియు కాదు. మిషను పక్షమున, మిషనుకు చందాలిచ్చువారి నిమిత్తము వ్రాయబడిన పాత పుస్తకములలోనే అది ఉన్నది. నూరేండ్లకు పైబడిన ఆ పుస్తకములను మన సంఘములు చదువుట మానివేసినవి. చదువుట మానినందున కథ నోటినుండి నోటికి పోవుచు, తెలుగు బోధకులను నీటిలోనుండి తీసివేసి, వారికి మారుగా దొరగారిని నిలువబెట్టినది. పరాయివాడు చేసిన అన్యాయము కాదిది. మన తాతలను మనమే మరచితిమి. కాబట్టి ఆ పుస్తకములను తిరిగి తెరువవలెననియు, తెరచినప్పుడు దేనిని గైకొని దేనిని విడువవలెనో ఎరిగి చదువవలెననియు మనవి చేయుటకే ఈ వ్యాసము.

హైదరాబాదు నడుమ మాసబ్ ట్యాంకు అను పేట కలదు. మా సాహెబా అని గౌరవముగా పిలువబడిన ఒక స్త్రీ పేరిట అక్కడ ఒక చెరువు ఉండెడిది. పేరు నోట నలిగి మాసబ్ అయినది. చెరువు పూడిపోయినది, ఆ తావున నేడు చాచా నెహ్రూ పార్కు ఉన్నది. దినదినము ఎందరో ఆ పేరు చెప్పి బస్సు దిగుచున్నారు గాని, ఆ అమ్మ ఎవరో, నీరు ఎంతవరకు నిలిచెనో అడుగువారు అరుదు. అక్కడ పేరు మిగిలి నీరు పోయినట్లే, మన సంఘ చరిత్రలో అంకె మిగిలి మనుష్యులు పోయిరి. ఆ మనుష్యులను వెదకవలెనన్న పాత పుస్తకములే మొదటి ఆధారము. వాటికొరకు ఆబిడ్సు కాలిబాటల మీద ఆదివారమున పరచు పుస్తకముల కుప్పలలో వెదకవలసిన అవసరము నేడు లేదు. నేను చెప్పబోవు మొదటి మూడు గ్రంథములు ఇంటర్నెట్ ఆర్కైవ్ అను గ్రంథ భాండారములో పుట పుటయు చిత్రముగా తీయబడి, చేతిలోని ఫోనులోనే ఉచితముగా చదువుకొన వీలుగా ఉన్నవి. అవి ఇంగ్లీషులో ఉండుటయే చిక్కు. ఆ సంగతి చివర చెప్పెదను.

ఒంటరి నక్షత్రము

మొదటిది డేవిడ్ డౌనీ గారి "లోన్ స్టార్". దీనిని మనము ఒంటరి నక్షత్రము అనవచ్చును. డౌనీ గారు 1873లో నెల్లూరు వచ్చి చిరకాలము అక్కడ పనిచేసిన మిషనెరీ. ఈ గ్రంథము 1893లో వెలువడినది. ఆ పేరు ఎట్లు కలిగెననగా, శామ్యూల్ డే గారు 1836లో మొదలుపెట్టి 1840 నుండి నెల్లూరులో నిలిపిన తెలుగు మిషనులో ఫలము మిక్కిలి కొద్దిగా ఉండెను. 1853లో అమెరికాలోని ఆల్బనీ పట్టణమున కూడిన సభలో, ఈ మిషనును మూసివేయుదమా అను ప్రశ్న వచ్చెను. మిషను పటములో నెల్లూరు ఒంటరి చుక్కగా కనబడుచుండెను. శామ్యూల్ స్మిత్ గారు ఆ చుక్కను గూర్చి పద్యము వ్రాయగా అది సభవారి మనస్సు కదిలించెను, మిషను నిలిచెను.

ఈ పుస్తకము యొక్క మేలు దాని క్రమము. సంవత్సరములు, స్టేషనులు, వచ్చినవారు, పోయినవారు, అంతయు వరుసగా ఉన్నది. ఓటమిని దాచలేదు. మిషను మూసివేయవలెనను ఆలోచన ఒకసారి గాక మరల మరల వచ్చెనని ఒప్పుకొన్నది. ఇది చిన్న గుణము కాదు. విజయములు మాత్రమే ప్రకటించు వార్షిక నివేదికలకు అలవాటుపడిన మనకు ఈ నిజాయితీ పాఠము కావలెను.

అయితే దాని లోపమును చెప్పవలెను. ఈ పుస్తకమునకు కన్నులు నెల్లూరు బంగళాలో ఉన్నవి. చెవులు అమెరికాలో ఉన్నవి. తెలుగువారు వచ్చినప్పుడెల్ల సహాయకులుగా వచ్చి సహాయకులుగా పోవుదురు. ఒంగోలులోని ప్రార్థన కొండ సంగతి చూడుడి. 1854 సంవత్సరారంభ దినమున తెల్లవారకమునుపే ఆ కొండ ఎక్కి, ఒంగోలుకు సేవకుని పంపుమని దేవుని వేడుకొనినవారు ఐదుగురు. జూయెట్ దొరగారు, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. ఐదుగురిలో ముగ్గురు తెలుగువారు. ఐదుగురిలో ముగ్గురు స్త్రీలు. మనము ఆ కొండను తలచినప్పుడు ఎవరిని తలచుచున్నాము? జూయెట్ దొరగారిని మాత్రమే. జూలియా అను తెలుగు స్త్రీ ఆ చీకటిలో ఏమని ప్రార్థించెనో, తరువాత ఆమె ఎన్ని గడపలు ఎక్కి సువార్త చెప్పెనో అడుగుదుమా? పుస్తకము పేరు చెప్పి ముందుకు సాగినది. అయినను పేరైన చెప్పినది. మనము అదియు విడిచిపెట్టితిమి.

చెప్పులు కుట్టుచుండగా

రెండవ పుస్తకము వేరొక రకమైనది. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ అమ్మగారు 1899లో లండనులో ప్రచురించిన "వైల్ సోయింగ్ శాండల్స్", అనగా చెప్పులు కుట్టుచుండగా. ఈమె క్లౌ దొరగారిని 1894లో వివాహము చేసికొనిన విద్వాంసురాలు. స్త్రీల హక్కుల కొరకు వ్రాసిన మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్టును గూర్చి గ్రంథము వ్రాసెను. ఇంత చదివిన దొరసాని ఒంగోలు వచ్చి చేసిన పని యేమి? వృద్ధులైన మాదిగ బోధకులను కూర్చుండబెట్టి, వారి జీవిత కథలను వారి నోటనే చెప్పించుకొని వ్రాసికొనెను. నా అభిప్రాయమున ఆ కాలపు మిషను పుస్తకములలో దీనికంటె విలువైనది మనకు లేదు.

ఎందుకనగా ఇందులో యెర్రగుంట్ల పేరయ్య నిండు మనుష్యుడుగా కనబడుచున్నాడు. ఆయన తోళ్ల వ్యాపారము చేసికొను మాదిగ. దొరలను చూడకమునుపే దేవుని వెదకినవాడు. రాజయోగ మార్గమున ఉపదేశము పొంది, తనవారికి గురువువంటివాడైనవాడు. తోళ్ల కొరకు ఉత్తరముగా గోదావరి సీమకు పోయి అక్కడి మిషనెరీల వలన సువార్త వినెను. ఇంటికి వచ్చి భార్య నాగమ్మకు చెప్పెను. 1866లో వారిరువురు ఒంగోలు వచ్చి బాప్తిస్మము పొందిరి. 1867 జనవరిలో క్లౌ దొరగారు పేరయ్య ఊరైన తాళ్లకొండపాడు చేరునప్పటికి అక్కడ జనులు సిద్ధముగా ఉండిరి. అప్పుడు బాప్తిస్మము పొందినవారు 28 మంది. దొరగారు విత్తుటకు పోలేదు. పేరయ్య విత్తిన పొలము కోయుటకు పోయెను. ఈ మాట నేను గర్వమునకై చెప్పుట లేదు. ఒకడు నాటును, ఒకడు నీళ్లు పోయును, వృద్ధి కలుగజేయువాడు దేవుడే అని మనమెరిగిన సత్యమే ఇది. అయితే నాటినవాడెవడో ఎరుగకపోవుట కృతజ్ఞత కాదు.

ఈ పుస్తకమునకును తప్పులు కలవు. ఉపశీర్షికలో మాదిగవారిని గూర్చి వాడిన మాట నేడు మనకు అవమానకరమైనది. యోగమును, గురువులను, గ్రామ దేవతలను వర్ణించునప్పుడు అమ్మగారు కొంత ఆశ్చర్యముతో, కొంత చిన్నచూపుతో వ్రాయుచున్నారు. అన్నిటికంటె పెద్ద లోపము, ఆ వృద్ధులు తెలుగులో చెప్పిన మాటలు మనకు ఇంగ్లీషులోనే మిగిలినవి. వారు నవ్వినచోట నవ్వినట్లు, ఏడ్చినచోట ఏడ్చినట్లు వినుటకు మార్గము లేదు. దొరసాని కలము వారి మాటలను పెద్దమనుష్యుల మాటలుగా దిద్దినది. అయినను, దిద్దిన మాటల వెనుక వారి గొంతు వినబడుచునే యున్నది. శ్రద్ధగల పాఠకుడు దానిని వినగలడు.

మూడు కట్టడలు

మూడవది "సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్". ఇది 1914లో వెలువడినది. క్లౌ దొరగారు 1910లోనే ప్రభువునందు నిద్రించిరి. కథ ఆయనది, ఆయనే చెప్పుచున్నట్లుండును; కలము మాత్రము ఎమ్మా అమ్మగారిది. ఇందువలన ఒక ఇబ్బంది కలదు. ఏ ఆలోచన దొరగారిదో, ఏది అమ్మగారిదో విడదీయుట కష్టము. సంఘ సంస్కరణయే సువార్తలో భాగమని అమెరికాలో బోధించిన వాల్టర్ రౌషెన్‌బుష్ గారు ఆమెకు సొంత తమ్ముడు. ఆయన భావముల ఛాయ ఈ పుస్తకము మీద పడినదని నా తలంపు. ఛాయ పడుట తప్పు కాదు. ఎరిగి చదువుట మన పని.

ఈ పుస్తకము మనకు ఇచ్చు గొప్ప సంగతి మూడు కట్టడలను గూర్చినది. క్రొత్తగా విశ్వసించినవారికి దొరగారు పెట్టిన నియమములు మూడే. ఆదివారము పని చేయరాదు. చచ్చిన పశువుల మాంసము తినరాదు. విగ్రహములకు మ్రొక్కరాదు. నేడు మనకు ఇవి సండే స్కూలు పాఠమువలె తేలికగా తోచును. ఆనాటి పల్లెలో ఇవి ఎంతటివో ఆలోచించుడి. మాదిగవాడు ఆసామికి కట్టుబడినవాడు. ఆదివారము రానని చెప్పుట ఆసామి మీద తిరుగుబాటు. చచ్చిన పశువు మాదిగవాని వంతు. దాని మాంసము వద్దనుట ఆకలి దినములలో దొరుకు ఆహారమును విడుచుట. దేవర జాతరలో డప్పు కొట్టుట అతని విధి. కొట్టననుట ఊరంతటిని ఎదిరించుట. అందుచేతనే క్రొత్త విశ్వాసులకు దెబ్బలు తగిలెను, బావులు మూయబడెను, పని పోయెను. మూడు చిన్న కట్టడలు మూడు గొలుసులను తెంచినవి. బాప్తిస్మమునకు వచ్చినవారు ఏమియు ఎరుగని మూఢులని వాదించువారు ఈ అధ్యాయమును చదువవలెను. ఆ దినములలో క్రైస్తవుడగుటకు ఎంత వెలయో ఆ పల్లెవాడు ఎరుగును.

ఇంకొక సంగతియు ఇందున్నది. ఒంగోలులో మొదట పై కులములవారు దొరగారి యొద్దకు చదువు నిమిత్తము వచ్చిరి. మాదిగలను చేర్చుకొనినయెడల మేము రామనిరి. దొరగారును ఆయన మొదటి భార్యయు ఒకరితో ఒకరు చెప్పుకొనకయే బైబిలు తెరువగా ఇద్దరికిని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయము 26వ వచనము మొదలుకొని గల భాగమే కనబడెనని చెప్పుదురు. మీ బైబిలులో దానిని తీసి చదువుడి. తెలుగు సంఘము ఏ వచనము మీద కట్టబడెనో తెలియును. మన సంఘములలో మరల కులము చూచి కుర్చీ వేయు అలవాటు ప్రబలునప్పుడెల్ల ఆ పుట తెరచి చదువవలెను.

కరవును కాలువయు

మనలను అధికముగా బాధించు నిందను గూర్చి ఈ పుస్తకములు ఏమి చెప్పుచున్నవి? కూటికొరకు మతము మారినవారని మన పిల్లలను బడిలో, పనిచోట ఎగతాళి చేయుదురు. 1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశమును మహా కరవు పట్టి పీడించెను. బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకపు పనిని క్లౌ దొరగారు గుత్తకు తీసికొని, ఆకలితో నున్నవారికి పని, కూలి కల్పించిరి. తెలుగు బోధకులు మేస్త్రీలై వారిని నడిపించి, విరామ వేళ వారి నడుమ కూర్చుండి సువార్త చెప్పిరి. బాప్తిస్మము కావలెనని జనులు అడిగిరి. సుమారు పదిహేను నెలలు దొరగారు ఇయ్యలేదు. చేతిలో కరవు ధనము ఉండగా ఇచ్చినయెడల అది ధనము కొరకే అగునని ఆయన భయము. సహాయము ముగిసిన పిమ్మటనే, 1878 జూన్ మాసమున, ద్వారము తెరచిరి. జూలై 2, 3, 4 తేదీలలో మూడు దినములకు కలిసి 3,536 మంది బాప్తిస్మము పొందిరి.

పాత పుస్తకములు ఈ సంగతిని నిందకు తిరుగులేని జవాబుగా నిలువబెట్టినవి. జవాబు బలమైనదే. అయినను విమర్శకుడు ఇంకొక అడుగు వేయవలెను. కరవు రానియెడల అంతమంది అంత త్వరగా వచ్చియుందురా? రాకపోయియుందురు. దీనిని ఒప్పుకొనుటకు మనకు సిగ్గెందుకు? ఆకలిగొన్నవాడు తన ప్రక్కన ఎవరు కూర్చుండిరో గుర్తుపెట్టుకొనును. ఎన్నడును తమ్మును మనుష్యులుగా చూడని ఊరిలో, తమ కులమువాడే అయిన బోధకుడు తట్ట పట్టుకొని తమతో నడచి, తమ బిడ్డ చనిపోయినప్పుడు తమతో ఏడ్చెను. అట్టివాడు చెప్పిన దేవుని నమ్మిరి. ఇది కూటికొరకు అమ్ముడుపోవుట కాదు. మరియు కరవునకు మునుపే, పది సంవత్సరముల కృషివలన, ఒంగోలు సంఘములో సభ్యులు మూడు వేలకు పైబడి యుండిరి. కాలువగట్టు మీద పండినది అంతకుముందు పల్లెపల్లెను విత్తబడినదే. నిందకు అసలైన జవాబు దొరగారి పదిహేను నెలల జాగ్రత్త కాదు. పేరయ్యవంటివారి పది సంవత్సరముల నడక.

నైజాము సీమలో

కోస్తా సంగతి ఇట్లుండగా, మన నైజాము సీమకు వేరొక గ్రంథమున్నది. ఎఫ్. కోల్యర్ సాకెట్ గారి "విజన్ అండ్ వెంచర్", 1879 మొదలు 1929 వరకు హైదరాబాదు రాజ్యములో వెస్లియను మిషను నడచిన ఏబది సంవత్సరముల వృత్తాంతము. ఆయనే తరువాత 1951లో మెదకు పోస్నెట్ దొరగారి జీవితమును వ్రాసిరి. మెదకు మహా దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. గోపురము ఎత్తు 175 అడుగులు. 2024లో నూరేండ్ల పండుగ జరిగినది. ఆ దేవాలయపు కట్టడము ఆకలిగొన్నవారికి పని కల్పించెనని ఈ సీమలో తెలియనివారు లేరు. అయితే అక్కడను గుండ్లకమ్మ యొద్ద జరిగినదే జరిగినది. పోస్నెట్ దొరగారు కట్టించిరి అందుము. రాయి మోసినవారి పేరు అడిగిన చెప్పువారు లేరు.

ఈ లోపమును కొంత తీర్చిన పుస్తకము ఒకటి 1968లో వచ్చినది. పి.వై. లూక్ గారును జాన్ కార్మన్ గారును కలిసి మెదకు ప్రాంతమందలి వడియారం పాస్టరేటు గ్రామములలో తిరిగి, పల్లె విశ్వాసులతో మాటలాడి, గ్రామ క్రైస్తవులను హిందూ సంస్కృతిని గూర్చి వ్రాసిరి. అందులో మనకు నచ్చని సంగతులు కలవు. కొందరు విశ్వాసులు గ్రామ దేవతల పండుగలలో పాలుపొందుచుండిరని కలదు. దీనిని చదివి కోపపడువారుందురు. కోపము వలదు. దొరలకు నివేదిక వ్రాయునప్పుడు దాచిన సంగతి ఇక్కడ దాచబడలేదు. దాచబడిన గాయము మానదు. ఎమ్మా అమ్మగారి పుస్తకమువలెనే ఇదియు పల్లెవారి నోట విని వ్రాసినది, అందుచేతనే నిలుచును.

ఇటీవల ఇట్టి పని మన తెలుగువారే చేయుచున్నారు. జేమ్స్ ఎలీషా తనేటి గారు తెలుగు బైబిలు స్త్రీలను గూర్చి 2013లో ఇంగ్లీషున ఒక గ్రంథము ప్రకటించిరి. జూలియావంటివారిని వెదకువారు లేకపోలేదని మనము సంతోషింపవచ్చును.

ఇంటిలోని మౌనము

పుస్తకములు మరచుటకు ఇంగ్లీషు ఒక్కటే కారణమా? మరియొక కారణము కలదు. దానిని మృదువుగానైనను చెప్పవలెను. 1950లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులముల హోదా హిందువులకే ఇయ్యబడెను. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది విస్తరించెను. క్రైస్తవులకు విస్తరింపలేదు. షెడ్యూల్డు కులముల నుండి క్రైస్తవులైనవారిని మన రెండు రాష్ట్రములలో బి.సి. సి వర్గమున ఉంచిరి. ఇందువలన ఎన్నో ఇండ్లలో బడి కాగితము మీద ఒక పేరు, సంఘ పుస్తకములో మరియొక పేరు. తాత బోధకుడని మనుమడు చెప్పుకొనలేని స్థితి. ఎవరిని నిందించుటకు ఈ మాట చెప్పుట లేదు. బిడ్డల చదువు కొరకు తల్లిదండ్రులు పడు యాతన కాపరి ఎరుగును. అయితే కాగితము వలన కలిగిన మౌనము ఇంటిలోనికి వచ్చి, పొయ్యి ప్రక్కన చెప్పుకొను కథలను సహా ఆర్పివేయుచున్నది. తాత ఎందుకు డప్పు దించెనో, అవ్వ ఎందుకు దెబ్బలు తినెనో తెలియని బిడ్డకు, విశ్వాసము కేవలము ఆదివారపు అలవాటు. ఎగతాళి చేయువాడు ఎదురైనప్పుడు అతనికి చెప్పుటకు జవాబుండదు. ఇదియే ఈ సంగతిలో మనకు కలుగు నష్టము.

ఎట్లు చదువవలెను?

పాత మిషను పుస్తకములను తప్పుగా చదువుటకు రెండు త్రోవలు కలవు. దొరలను దేవదూతలుగా ఎంచి చదువుట ఒకటి. దొరలందరు పరదేశ ప్రభుత్వపు మనుష్యులని కొట్టివేసి అసలే చదువకుండుట రెండవది. మొదటి త్రోవన పోవువాడు తన తాతలను మరచును. రెండవ త్రోవన పోవువాడును తన తాతలనే మరచును, ఏలయనగా తాతల పేర్లు ఆ పుస్తకములలోనే ఉన్నవి. చేపలో ముల్లున్నదని చేపను పారవేయము. ముల్లు తీసి తిందుము.

నా మనవి ఇది. ఇంగ్లీషు వచ్చిన మన యౌవనులు, వేదాంత కళాశాలలలో చదువు విద్యార్థులు, సెలవు దినములలో ఈ గ్రంథములనుండి ఒక్కొక్క అధ్యాయమును తేట తెలుగులో తమ సంఘమునకు చెప్పవలెను. పేరయ్య కథతో మొదలుపెట్టుడి. బుధవారపు ప్రార్థన కూటమున అరగంట చాలును. చదువునప్పుడు మూడు ప్రశ్నలు అడుగుడి. ఈ పనిలో నడచినది ఎవరు? ఈ మాట ఎవరి నోట వచ్చినది, ఎవరి కలమున పడినది? ఇక్కడ ఉండవలసిన స్త్రీ పేరు ఏది? ఈ మూడును అడిగిన చాలు, పాత పుస్తకము క్రొత్త పుస్తకమగును.

అంతట ఆగవలదు. ప్రతి సంఘములోను పాత బాప్తిస్మపు పుస్తకము, వివాహపు పుస్తకము, సంఘ కమిటీ తీర్మానముల పుస్తకము ఉండవచ్చును. చెదలు పట్టకమునుపు వాటిని తీసి, ఫోనుతో పుటపుటకు పటము తీసి భద్రపరచుడి. ఎనుబది, తొంబది సంవత్సరముల పెద్దలు ఇంకను మన నడుమ ఉన్నారు. ఎమ్మా అమ్మగారు దూరదేశమునుండి వచ్చి మన పెద్దల మాటలు వ్రాసికొనెను. ఆ పెద్దల మనుమలమైన మనకు, మన భాషలో, మన ఇంటి అరుగు మీద కూర్చుండి అవ్వ మాటను అవ్వ మాటగానే వ్రాసికొనుటకు తీరిక లేదా? ఆమె చేయలేని పని అదే. అది మనకు మిగిలినది.

అపొస్తలుడైన పౌలు రోమా సంఘమునకు వ్రాసిన పత్రికలో 16వ అధ్యాయమును చాలమంది దాటవేయుదురు, అంతయు పేర్లే గనుక. అయితే సంఘ చరిత్ర ఎట్లు వ్రాయవలెనో నేర్పు అధ్యాయము అదియే. ఫీబే, ప్రిస్కిల్ల, అకుల, మరియ, పెర్సిసు. కష్టపడినవారి పేర్లు, అందులో ఎందరో స్త్రీల పేర్లు. చివరకు పత్రికను చేతితో వ్రాసిన తెర్తియు పేరు సహా విడువబడలేదు. పౌలు తానొక్కడే పనిచేసినట్లు వ్రాయలేదు. ఆ అధ్యాయములో తెలుగు పేర్లు చేర్చి చదువు దినము రావలెను: యెర్రగుంట్ల పేరయ్య, నాగమ్మ, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు, గుండ్లకమ్మ నీటిలో తొమ్మిది గంటలు వంతులుగా నిలిచిన ఆ ఆరుగురు.

ప్రియ చదువరులారా, వచ్చు జూలై 3వ తేదీన మీ సంఘమున 2,222 అను అంకె ఎత్తినప్పుడు, బోధకులు ఇద్దరిద్దరుగా నీటిలో దిగిరను మాటను దానికి జతచేయుడి. దొరగారి ఘనత దానివలన తగ్గదు. ఒడ్డున నిలిచి ఇతరుల చేతికి పని అప్పగించినవానికి అది ఇంకొక ఘనత. మన పెద్దల పేర్లను జీవగ్రంథమందు వ్రాసియుంచిన ప్రభువు, మన చేతి పుస్తకములలోను వాటిని వ్రాయుటకు మనకు కృప దయచేయును గాక. ఆమేన్.